కత్తెర చెయ్యి

మిషన్ ఎవడైనా తొక్కుతాడు, కత్తెర మాత్రం పుట్టుకతో రావాలి. చిత్తూరులో మా టైలరు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెప్పేవాణ్ని. వాళ్లు తలూపేవాళ్లు. బయటికెళ్లి, గంగాధరం మాస్టరు కటింగంటే కటింగే అనేవాళ్లు. మనిషికి ఇంకేం కావాలి?

ఆ మాటను నాకంటే గట్టిగా నమ్మినవాడు ఒక్కడున్నాడు. మునిచంద్ర. కాణిపాకం పక్క పల్లెవాడు. పెళ్లయిన కొత్తలో నా దగ్గర కుట్టడానికి చేరాడు. కుట్టు వేస్తే గీత గీసినట్టుండేది. చేరిన రెండో ఏడు ఒకరోజు నసుగుతూ వచ్చి, "అన్నా, నేను గూడా కటింగ్ నేర్సుకుంటా" అన్నాడు.

సరే చూద్దామని ఒక పట్టు జాకెట్ బట్ట ఇచ్చాను. ముందుభాగం, వెనకభాగం చక్కగానే కత్తిరించాడు. నాకు కొంచెం గుబులు కూడా పుట్టింది. కానీ చేతుల దగ్గర తప్పాడు. రెండూ కుడివైపువే కత్తిరించాడు. పట్టుబట్ట కాబట్టి తిరగేసి కుట్టడానికీ లేదు.

దుకాణంలో నలుగురు ఉన్నారు. అందరి ముందూ ఆ రెండు ముక్కలూ పైకెత్తి చూపించాను. "సూడండప్పా, ఈ జాకెట్టామెకు ఎడమచెయ్యి ల్యాకుండా చేసినాడు!" అన్నాను. నవ్వారు. వాడూ నవ్వాడు, మొహం మాడ్చుకునే. తర్వాత పెద్దమనిషిలా భుజం తట్టి, "నీది మిషన్ చెయ్యి రా అబ్బా. కత్తెర చెయ్యి గాదు. దేవుడు ఇయ్యలేదు, ఏం జేస్తాం?" అన్నాను.

అంతే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనూ ఇవ్వలేదు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని మా ఆవిడ జ్ఞానాంబతో వేళాకోళంగా అనేవాణ్ని. ఆమె మాత్రం, "ఆయప్పకు ఇంగోసారి ఇచ్చి సూడరాదా" అనేది. ఆడదానికేం తెలుసని కసిరేవాణ్ని.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. నాకు అరవై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో కత్తెరకు సాన లేదన్నాను. తర్వాత బట్టే జారుడుదన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అయినా నా పేరు చెడలేదు. "మాస్టరూ, వయసైనా నీ కటింగ్ అట్లే ఉండాది" అని వచ్చినవాళ్లు అంటుంటే, చూశారా, పుట్టుకతో వచ్చింది ఎక్కడికీ పోదని మురిసిపోయాను.

మూడేళ్లు అట్లా మురిశాక, ఒకరోజు యశోదమ్మ మా దగ్గర కుట్టించుకున్న పాత జాకెట్ తెచ్చింది. మా వీధిలో టీచరమ్మ, ఒళ్లు చేసింది, కొంచెం వదులు చేయమంది. మునిచంద్ర ఆ రోజు రాలేదు, కూతురు మహితకు జ్వరం. నేనే కుట్లు విప్పాను. చంక దగ్గర లోపల చిన్న అతుకు కనిపించింది, మూడు మూలల ముక్క. నేను వేసింది కాదు. భుజం దగ్గర నేను కత్తిరించిన అంచు వంకరగా ఉంటే, దాన్ని లోపలికి మడిచి సరైన వంపులో కుట్టి ఉంది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

డెలివరీకి మడతపెట్టిన బట్టలన్నీ దించి ఒక్కొక్కటే తిరగేసి చూశాను. ప్రతిదాంట్లోనూ ఉంది. ఒకచోట గుప్పెడంత బట్ట తక్కువ కత్తిరించాను, అక్కడ చక్కగా ముక్క అతికాడు. మూడేళ్లుగా ఊరు మెచ్చుకున్నది నా చేతిని కాదు.

మర్నాడు వాడు రాగానే ఆ జాకెట్ ముందర పెట్టాను.

"ఏంది రా ఇది?"

దొంగతనం పట్టుబడ్డవాడిలా తల దించుకున్నాడు. "తప్పయిపోయిందన్నా. నీకు జెప్తే బాధపడతావని."

"తప్పు గాదు రా! కటింగ్ వచ్చినోడు తప్ప ఎవడూ ఇట్ల సరిచెయ్యలేడు. ఇంగ నువ్వే మాస్టరు. దా, పట్టుకో."

కత్తెర చేతిలో పెట్టాను. బల్ల మీద కొత్త బట్ట పరిచాను. వాడు సుద్దతో గీతలు గీశాడు. ఎంత అందంగా గీశాడో! నా ఒంట్లో ప్రాణం లేచొచ్చింది. కత్తెర తెరిచాడు. గీత మీద పెట్టాడు. అంతే, ఆగిపోయాడు. వణికే జబ్బు నాది, కానీ ఆ క్షణంలో వాడి చెయ్యి నాకంటే ఎక్కువ వణికింది.

"నా చాత కాదన్నా."

"మూడేండ్లుగా నువ్వే గదరా..."

"అది సరిచేసేదన్నా, కత్తిరించేది గాదు. నువ్వు కత్తిరించినాక ఏదన్నా చేస్తా. కొత్త గుడ్డ మీద నా చెయ్యి ఆడదు. నాది మిషన్ చెయ్యి గదా, నువ్వే చెప్పినావే."

వెక్కిరింపు లేదు ఆ మాటలో. అదే నన్ను చంపింది. తిట్టాను, బతిమాలాను, నెలరోజులు పాత పంచెలు ఇచ్చి కత్తిరించమన్నాను. పంచెల మీద బాగానే ఆడేది చెయ్యి. ఒకరి బట్ట ముందర పెడితే మాత్రం ఆ రెండు కుడిచేతులే కనిపిస్తాయనేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను నేను.

నా చెయ్యి పూర్తిగా పడిపోయాక దుకాణం మూసేశాం. కత్తెర రాని టైలరుకు సొంత దుకాణం ఎట్లా? తిరుపతిలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర మునిచంద్ర కాపలాకు చేరాడు.

మొన్న చూడబోయాను. వాడికిద్దామని సంచిలో కత్తెర కూడా పెట్టుకున్నాను. యూనిఫారం చొక్కా వాడి భుజాల మీద వేలాడుతోంది, ఎవరు కత్తిరించారో. "ఏందన్నా, ఇంత దూరం వచ్చినావు" అంటూ తన కుర్చీ నాకు వేశాడు.

ఇన్నేళ్లూ దాచింది అప్పుడు చెప్పాను. మా గురువు మునస్వామి మాస్టరు మొదటిసారి నా చేతికి కత్తెర ఇచ్చినప్పుడు, ఒక పెళ్లికొడుకు ప్యాంటు రెండు కాళ్లూ ఎడమకాలికే కత్తిరించాను. ఆయన కడుపుబ్బ నవ్వి, "నాది గూడా ఇట్లే పోయింది లేరా" అని ఇంకో గుడ్డ నా ముందు పరిచాడు. అదీ నా పుట్టుకతో వచ్చిన విద్య.

"నీకు వచ్చేస్తాదని భయపడినాను రా," అన్నాను. ఏడ్చాను కూడా, గేటు ముందర, పదిమంది చూస్తుండగా.



"నీది గూడా పోయిందా అన్నా?" అన్నాడు మునిచంద్ర, నమ్మలేనట్టు. "ఆ మాట ఆ దినమే చెప్పింటే సాలు గదన్నా."

కారు హారన్ కొట్టింది. వాడు పరిగెత్తి గేటు తీశాడు. కత్తెర సంచిలోంచి తీయకుండానే సాయంత్రం చిత్తూరు బస్సెక్కాను.