నది దాటని నెపోలియన్

ఆ వారమంతా అమెరికాలో, పార్సిప్పనీలోని కృపావరం ఇంట్లో సొరకాయే కూర. ఆదివారం తెలుగు చర్చిలో కోత పండుగ వేలంపాట జరిగింది. ఎవరో తెచ్చిచ్చిన పెద్ద సొరకాయ మీద, అదే చర్చికొచ్చే రత్నరాజు పాట పెంచాడు. పౌరుషం పొడుచుకొచ్చి కృపావరం ఇంకా పెంచాడు. చివరికి రత్నరాజు నవ్వుతూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మంచి కోటు వచ్చే డబ్బుకి కృపావరానికి సొరకాయ దక్కింది. దేవుడి పనికే కదా అని పైకి అన్నాడు గానీ, ఇంటికొచ్చేదాకా కార్లో ఆ డబ్బు లెక్కే వేసుకున్నాడు.

టెన్త్ గ్రేడ్ చదివే కూతురు ప్రేమజ్యోతి బెంగ వేరే. హిస్టరీ క్లాసులో ఒక ఆట మొదలైంది. ఒక్కొక్కరూ ఒక్కో దేశాన్ని ఏలాలి. బల్ల మీద మ్యాపు, సైన్యాలకి చెక్కముక్కలు, వాటి తిండికి చిక్కుడు గింజలు. బాగా ఏలినవాళ్లకి స్కూల్ హిస్టరీ టీమ్‌లో చోటు. ఆ చోటు కోసం ఆమె రెండేళ్లుగా కాచుకుని ఉంది. తీరా చీటీలో వచ్చింది నెపోలియన్, అదీ రష్యా మీదికి దండెత్తి, మంచులో సైన్యాన్ని పోగొట్టుకున్న ఏడాది! చీటీలో రష్యా వచ్చిన క్లాస్‌మేట్ స్కాట్, "అయితే నువ్వు ఔట్," అని అప్పుడే తేల్చేశాడు.

"సమ్మర్‌లోనే అటాక్ చెయ్యమ్మా," అన్నాడు కృపావరం భోజనాల దగ్గర. "తగ్గామంటే లోకువైపోతాం."

"తగ్గకే కదండీ ఇది తింటున్నాం," అంది దేవకుమారి, భర్త కంచంలో కూర వడ్డిస్తూ.

ప్రేమజ్యోతి తినడం ఆపింది. "మమ్మీ, రత్నరాజు అంకుల్‌కి నిజంగా సొరకాయ కావాలా?"

"వాళ్ల పెరట్లోనే పాదు ఉంది. కాయలు పంచలేక చస్తున్నారు. మీ డాడీ ఆగరని తెలిసి పాట పెంచాడంతే."

మర్నాడు ప్రేమజ్యోతి సైన్యాన్నంతా సరిహద్దు నది ఒడ్డున నిలబెట్టి ఊరుకుంది. ఆమె వచ్చితీరుతుందని స్కాట్ నమ్మకం. వస్తే గింజ దొరక్కూడదని తన పొలాలూ గాదెలూ తనే తగలబెట్టుకుంటూ పోయాడు.

"రావేం? భయమా?" అన్నాడు. పిరికిదని వెక్కిరిస్తూ క్లాసంతా కోళ్లలా కూసింది. ఆమె చెవులు వేడెక్కాయి. చెయ్యి చెక్కముక్క మీదికి పోయింది కూడా. అప్పుడు చర్చిలో మాటిమాటికీ లేచిన నాన్న చెయ్యి గుర్తొచ్చింది. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మ్యాపు మీద చలికాలం వచ్చేసరికి స్కాట్ సైన్యానికి పెట్టడానికి గింజల్లేవు. నది దాటని ఆమె దగ్గర మాత్రం బోలెడు మిగిలాయి. "సంధి చేసుకుందామా?" అన్నాడు మెల్లగా.

"నా శత్రువులైన ఇంగ్లిష్‌వాళ్ల ఓడల్ని నీ రేవుల్లోకి రానివ్వకు. నా గింజలిస్తాను," అందామె.

"చరిత్రలో ఇలా జరగలేదు," అన్నారు టీచరు.

"అది నెపోలియన్ తప్పు," అంది ప్రేమజ్యోతి. టీచరు పడీపడీ నవ్వి, టీమ్‌లో ఆమె పేరు రాశారు.

సాయంత్రం కృపావరం గుమ్మంలోనే అడిగాడు. "మాస్కో పట్టావా?"

"లేదు డాడీ. రివర్ కూడా దాటలేదు. వాడే సంధికి వచ్చాడు. నాకు టీమ్‌లో ప్లేస్ వచ్చింది." బ్యాగు కింద పెట్టింది. "మన సొరకాయ చూసే నేర్చుకున్నా."

కృపావరం మొహం వాడిపోయింది. "ఆ సంగతి క్లాసులో చెప్పావా?"

"లేదు. ఎవరు నేర్పారని టీచర్ అడిగితే, మా డాడీ అన్నా."

ఆయన కూతురి తల నిమిరాడు. గర్వంతో కళ్లు చెమర్చాయి. తర్వాత వెళ్లి బల్ల దగ్గర కూర్చుని కంచం ముందుకు జరిపాడు.

"దేవకుమారీ, ఆ సొరకాయ కూర ఇంకా ఉంటే వడ్డించు."