కనకం కోసం దించిన కారు

రైల్వే వ్యాగన్ షెడ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిట్టరుగా పనిచేస్తున్న సింహాచలం, 1991 వేసవిలో, తన పాత పద్మిని కారును నాలుగు వేళ్ళు కిందికి దించాలని నిశ్చయించుకున్నాడు. భార్య కనకానికి నడుము కింది భాగం చచ్చుబడి రెండేళ్ళయింది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఆమె చేతుల బలంతోనే జరిగేది. స్నానం చేయించడానికి పనిమనిషి అప్పలకొండ వచ్చేది. భర్తను మాత్రం ఒక్కసారైనా తనను ఎత్తనివ్వలేదు. కారు సీటు కుర్చీ కన్నా ఎత్తు కావడంతో ఆ రెండేళ్ళూ ఆమె గడప దాటలేదు.

"క్వార్టర్ల వోళ్ళందరూ సూస్తుండగా నన్ను మూటలాగ ఎత్తి పడేస్తారేటి? నేను రాను" అనేది.

దగ్గర్లోని సిర్గిట్టిలో బళ్ళకు స్ప్రింగులు చేసే ఎర్రయ్య అతనికి వరసకు బావమరిది. కారు కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ముందు స్ప్రింగు ఒక సుట్టు కోసీవచ్చు బావా, అరగంట పని. కానీ ఎడ్లబండి అయిపోతాది. గతుకు గతుక్కీ అక్క నడుం ఇరిగిపోతాది. పోనీ ఎనక కమానీ కట్టలో ఒక ఇనప పట్టీ తీసీవచ్చు. అప్పుడు బండి అడుగు రోడ్డుకి రాసుకుంటాది."

"ఇంకో దారి లేదేటి?"

"కొత్తవి సుట్టించాల. పొట్టివి, మెత్తవి. అక్క సీటు అంచుమీద వాలితే సాలు, ఆ బరువుకి బండి మెల్లగా దిగి సీటు కుర్చీ మట్టానికొస్తాది. నెల పడతాది. బరువు మాత్రం సరిగ్గా సెప్పాల."

"అరవై నాలుగు కిలోలు."

"తూచినావేటి?"

"ఆస్పత్రి కార్డు మీదుందిరా."

"కార్డు ఎప్పటిదో?"

"నువ్వు స్ప్రింగులు సుట్టు. కచేరీ పెట్టకు."

"అచ్ఛా అచ్ఛా, షెడ్ దొరవి. నీ మాటే మాట."

షెడ్‌లో సింహాచలం ఏ వ్యాగన్‌నూ తూచి ఎరుగడు. దాని పక్కన తెల్లరంగుతో రాసిన బరువే, మళ్ళీ రంగు వేసేదాకా, నిజం. కార్డు మీది అంకెనూ అదే అలవాటుతో నమ్మాడు. అది రెండేళ్ళ కిందట కనకం పడిపోయిన వారంలో రాసినది.

నెల తర్వాత స్ప్రింగులు బిగించారు. అరవై నాలుగు కిలోల ఇసుక బస్తాను సీటు అంచుమీద పెట్టి చూస్తే, బండి వంగి సీటు కుర్చీతో సమానంగా నిలిచింది. సింహాచలం మూడుసార్లు బస్తా తీసి, మూడుసార్లు పెట్టి, తృప్తిపడ్డాడు.

మర్నాడు సాయంత్రం కనకం కొత్త చీర కట్టించుకుని బయటికి వచ్చింది. వరండాల్లో ఆడవాళ్ళు మాటలాపి చూస్తున్నారు. కుర్చీని తలుపు పక్కకు తెచ్చాడు. ఆమె సీటు అంచుమీద రెండు చేతులూ ఆనించి, ఒళ్ళంతా వాల్చింది. సీటు వేలెడైనా దిగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి జారి కుర్చీలోనే పడింది.

"ఇంట్లోకి పోదామా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె వరండాల వైపు చూసింది. "ఇంత మందీ సూసేక ఇంకేటుంది? ఎత్తండి."

అతని భుజాలు అరవై నాలుగు కిలోలకు సిద్ధపడి ఉన్నాయి. ఆ ఊపుకు ఆమె అవసరాన్ని మించి పైకి లేచి, తల తలుపు చట్రానికి తగలబోయింది. జీవితమంతా ఇనుము ఎత్తిన చేతులకు లెక్క అక్కడికక్కడే తెలిసింది. ముప్ఫై ఎనిమిదికి మించదు.

బండి కదిలాక అడిగింది:

"ఎంతున్నాను?"

"ఏటి?"

"బరువు."

"అలాగే ఉన్నావు."

"అబద్ధమాడ్డం మీకు రాదు" అని కిటికీ వైపు తిరిగింది.

స్ప్రింగులు మెత్తగా పనిచేస్తున్నాయి. గతుకుల్లో ఆమె ఒక్కసారి కూడా మూలగలేదు. అరపా నది వంతెన దాటి కొంతదూరం వెళ్ళాక అతడు బండి నిదానించాడు.

"ఇక ఇంటికి పోదామా?"

"ఇప్పుడేటి? అందరూ వరండాల్లోనే ఉంటారు. మళ్ళీ దించాల కదా." పైట ముఖానికి అడ్డం లాక్కుంది. "పొద్దుపోనీండి."

సింహాచలం ఇంటివైపు తిప్పకుండా, ఊరికి దూరంగా పోయే బిల్హా దారి పట్టాడు. పొద్దుగూకడానికి ఇంకా గంటన్నర ఉంది.