లక్షలమందికీ పక్కన పెట్టారా?

కుట్టుమిషను ఎక్కడుందో కూతురు వెతుక్కోవలసి వచ్చింది. గది నిండా పార్సిల్ డబ్బాలు కిటికీ దాకా పేరుకున్నాయి. సగానికి సగం విప్పనే లేదు.

"జన్మంతా అందరికీ చొక్కాలు కుట్టాడు. ఇప్పుడు కుట్టిన చొక్కాలు తెప్పించుకుంటున్నాడు మీ నాన్న," అంది తల్లి గుమ్మంలో నిలబడి. "బట్టలిచ్చినవాళ్లు తిరిగి తిరిగి విసిగిపోతున్నారు. ఉన్న ఆ నలుగురూ పోతే ఇక మిషను అమ్ముకోవడమే. నీ మాటైతే వింటాడు, చెప్పు."

తండ్రి ఫోనులోంచి తలెత్తి నవ్వాడు. "మధ్యలో మీ అమ్మ నన్నంటుందేమిటి? పంపేది నువ్వేగా తల్లీ."

కూతురికి అర్థం కాలేదు. ఆయన ఫోను చూపించాడు. 'మీ కోసమే పక్కన పెట్టాం. ఇంకాసేపే ఉంటుంది.'

ఆ మాటలు ఆమెవే. ఆ ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదివి, ఫోనులో సరుకులమ్మే కంపెనీలో ఆమె చేస్తున్న ఉద్యోగం అదే. జనం చెయ్యి ఫోను మీదికి వెళ్లేలా చిన్న చిన్న మాటలు రాయాలి. చేరిన రోజు ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకుంది కూడా.

"నువ్వంత ఇదిగా పక్కన పెట్టానంటే వద్దని ఎలా అనను? చిన్నబుచ్చుకోవూ?"

"నేను రాసిస్తానంతే నాన్నా. పంపేది కంప్యూటరు. లక్షలమందికి ఒకేసారి వెళ్తుంది."

"లక్షలమందికీ పక్కన పెట్టారా?"

ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఎదురింటి మాస్టారికి కూడానా?"

"ఆయనకీ వెళ్తుంది."

"అదా సంగతి. వాళ్ల వరండాలో కాలు పెట్టే చోటు లేదు. ఆయనకు కూతుళ్లు లేరు కదా, ఎవరు పంపుతున్నారా అనుకున్నాను."

తల్లికి నవ్వొచ్చింది. తండ్రి నవ్వలేదు. లేచి డబ్బాలు ఒక్కొక్కటే దింపి మిషను బయటికి తీశాడు. దుమ్ము తుడిచాడు. ఎవరిదో చొక్కా గుడ్డ పరిచి, సూదిలో దారం ఎక్కించాడు. కూతురి మనసు కుదుటపడింది.

అంతలో ఫోను టింగుమంది. మిషను తొక్కబోతున్న కాలు ఆగిపోయింది.

"నువ్వు కాదని తెలిసింది కదమ్మా," అన్నాడాయన, ఫోను వైపు చాచిన తన చేతినే వింతగా చూసుకుంటూ. "మరి ఇదెందుకు వెళ్తోంది?"

ఆమె గబుక్కున ఫోను లాక్కుంది. ఆ కబుర్లు రాకుండా ఆపేద్దామనే లాక్కుంది. కానీ ముందు చదివింది. ఇది తను రాసింది కాదు. ఎవరో కొత్తవాళ్లు రాశారు, బాగా రాశారు. చెప్పుల జత. ఆమెకు చెప్పులున్నాయి.

"ఏమిటది?" అన్నాడు తండ్రి.

"ఏం లేదు నాన్నా," అంది, కళ్లు తిప్పుకోకుండానే.

ఆయన గుడ్డ వదిలేసి, కుర్చీ వెనక్కి జరిపి, ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. తల్లికి ఇద్దరిలో ఎవరిని కేకలేయాలో తోచలేదు.