చిటికెన వేలు

ఈ ముసురుకు తంబాకు మెత్తబడుతుంది, మెత్తబడితే బీడీలు తీసుకునేవాడు కట్టలు విసిరికొడతాడు, విసిరికొడితే సత్తవ్వ ఆ కోపమంతా మొగుణ్ణైన నా మీదే తీర్చుకుంటుంది, తీర్చుకోనీ, ఇంకెవరున్నారు, అనుకుంటూ వెంకటేశం కోరుట్లలోని తన రేకులింటి గడపలో గొంగడి కప్పుకుని కూచున్నాడు, సకల జనుల సమ్మెకు మార్కెట్ మూతపడి హమాలీ పని లేదు, బస్సుల్లేవు, బడి లేదు, సార్లంతా టెంటు కింద కూచున్నారు, తెలంగాణ రావాలె, వద్దన్నదెవడు, కాని బడికి తాళం పడేసరికి ఏడో తరగతి చదివే బిడ్డ రాధిక ఒళ్లోకి చాట వచ్చింది, తల్లి పక్కన కూచుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతోంది, మొదట్లో ఎంత నవ్వొచ్చిందో, నవ్వేనా అది, మంచినీళ్లకు లేవాలన్నా పిల్ల చెయ్యెత్తేది, బయటికి పోవాలంటే చిటికెన వేలు చూపించి తల్లి తలూపేదాకా కదిలేది కాదు, బడి అలవాటు, పక్కింటి నర్సవ్వ ఊగి ఊగి నవ్వేది, ఓ సత్తక్కా, నీ బిడ్డ నిన్ను హెడ్మాస్టర్ను చేసిందే, జల్ది పర్మిషనియ్యి, లేకుంటే ఈడనే చెరువైతది, రాధిక సిగ్గుతో వేలు దించేది, మర్నాడు మళ్లీ అదే వేలు.

వెంకటేశానికి ఆ నియమాలంటేనే మంట, చేతులు కట్టుకో, మూతి మీద వేలేసుకో, వరస తప్పకు, అడిగితేనే మాట్లాడు, గులాములను తయారుచేసే విద్య, థూ, తనకూ నేర్పారు గదా సిరిసిల్లలో, అరవై తొమ్మిదిలో, అప్పుడూ తెలంగాణే, అప్పుడూ బడి బందే, ఆరో తరగతి పిల్లగాడు ఊరికే తిరిగితే చెడిపోతాడని నాయన తీసుకెళ్లి మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టడానికి కూచోబెట్టాడు, ఆ చెవులు పగిలే చప్పుడులో తనూ చిటికెన వేలే ఎత్తాడు, షెడ్డు యజమాని ఆసామి మగ్గం ఆపి మరీ అందరినీ పిలిచి చూపించాడు, గీ పోరడు నన్ను సారనుకుంటుండుర్రా, పో బిడ్డా పో, గోడ చాటుకు పో, తర్వాత బడి తెరిచారు, నాయన రేపన్నాడు, ఎల్లుండన్నాడు, ఆ ఎల్లుండి రాలేదు, ఇన్నేళ్లూ నాయననే తిట్టుకున్నాడు, ఆ ఉద్యమాన్నీ తిట్టుకున్నాడు, ఇంతలో వాకిట్లో బండి ఆగింది, రాధిక వాళ్ల ప్రేమ్‌సాగర్ సారు, నిలువునా తడిసి, సత్తవ్వా, మా సమ్మె ఆగింది, రేపటిసంది బడి, బిడ్డను తోలు, సత్తవ్వ చేతులు ఆగలేదు, తోలుతం గని సారూ, దానికి ఇప్పుడిప్పుడే చెయ్యి తిరిగింది, దీపావళి ఎల్లనీయరాదుండ్రి, గట్లనకు సత్తవ్వా, తెలివిగల్ల పిల్ల, ఆగమైతది, రాధికా, అస్తవ్ గదా, అమ్మ పంపితె అస్త సారూ, తల ఎత్తకుండానే అంది, పోతది సారూ, నేనే తోలుకొస్త, ఈ మాట వెంకటేశం నాలుక చివరిదాకా వచ్చింది, సారు తన వైపు చూస్తే చాలు అనేవాడు, సారు చూడలేదు, అడిగితేనే మాట్లాడు, బండి వెళ్లిపోయింది.

రాధిక చాట దించింది, ఒళ్లోని ఆకుముక్కలు దులుపుకుని లేచింది, చెయ్యెత్తలేదు, వేలు చూపలేదు, తంబాకు పట్టి రంగు మారిన ఆ చేతిని లంగాకు తుడుచుకుంటూ వానలోనే దొడ్డివైపు నడిచింది, సత్తవ్వ అడగలేదు, పక్కనే చాట పెట్టుకుని కూచున్న నర్సవ్వ నవ్వలేదు, నవ్వడానికేముంది, అప్పుడు వెంకటేశానికి ఆ షెడ్డులోని ఒక పగలు గుర్తొచ్చింది, ఎవరినీ అడక్కుండా లేచి గోడ చాటుకు పోయొచ్చిన పగలు, ఆసామి వీపు తట్టాడు, గిప్పుడు పనోనివైనవురా అని, ఎంత పొంగిపోయాడు తను, నాయన కాదు, ఉద్యమమూ కాదు, తన బడి మూతపడింది ఆ పగలే, రేపు సార్లు ఎన్ని తలుపులు తెరిచినా సరే, బిడ్డ బడి ఇవాళే, ఇప్పుడే, తను గడపలో కూచుని చూస్తుండగానే మూతపడింది.