ఓబులక్క మరిగ

నేను ఒక మరిగను. వేపమొద్దును తొలిచి చేసిన వెడల్పాటి కొయ్య గిన్నెను. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు ఓబులక్క చేతుల్లో తిరిగాను; అంతకు ముందు ఆమె అత్త చేతుల్లో. వాళ్లది జలగడిగే పని. కంసాలి అంగళ్లలో ఊడ్చిన దుమ్ము కొని, కడిగి, అందులోని బంగారం తీస్తారు. మనుషులు బంగారాన్ని బీరువాల్లో దాచుకుంటారు, దాని పొడిని మాత్రం కాళ్లకింద తొక్కుతారు.

ఆ రోజు కంసాలి మౌనాచారి పరుగున వచ్చాడు. వెనకే నారపరెడ్డి.

"ఓబులక్కా! పొద్దున నీకమ్మిన దుమ్ము కడిగేసినావా?"

"ఇంకా ల్యా సామీ. ఏమైంది?"

రెడ్డి ఇచ్చిన గాజును అరగదీస్తుంటే ఆచారి మోచెయ్యి తగిలి రాలిన బంగారు పొడి, అదే రజను, ఉన్న పళ్లెం ఒలికింది. ఎత్తుకున్నంత ఎత్తుకున్నాడు. మిగిలింది దుమ్ములో కలిసి ఓబులక్కకు అమ్ముడుపోయింది. గాజు తూస్తే తూకం తగ్గింది.

"పొద్దు గూకేలోపల నా బంగారు రాకపోతే, ఈయన దొంగని బజారంతా చెప్తా," అన్నాడు రెడ్డి. ఆచారిది నలభై ఏళ్ల పేరు.

ఓబులక్క దుమ్మును జల్లించి, నాలో వేసి, నీళ్లు పోసి తిప్పింది. మట్టి కొట్టుకుపోయింది. అడుగున నల్లటి ఇసుక. అయస్కాంతం ఆడిస్తే ఇనుప రజను దానికి అంటుకుంది. తర్వాత ఒకే ఒక్క పాదరసపు బొట్టు. అది ఇసుకలో దొర్లుతూ, కంటికి ఆనని బంగారాన్నంతా తనలోకి లాక్కుంది. ఎన్ని వేలసార్లు చూసినా ఆ వింతకు నా ఒళ్లు జలదరించేది. గుడ్డలో పిండి, మిగిలిన ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరైంది. పచ్చటి పూస నిలిచింది.

తూచారు. వడ్లగింజెత్తు తక్కువ.

"మిగిలింది యాడ మింగినావు ఆచారీ?"

ఓబులక్క నా పగుళ్లకేసి చూసింది. గొడ్డలి అందుకుంది.

"అది నీ కూటిగిన్నె గదక్కా!" ఆచారి అడ్డం వచ్చాడు.

"కూడు రేపైనా తినొచ్చు సామీ. పేరు పోతే యాడ కడిగి తీయల్ల?"

నాలుగు చెక్కలయ్యాను. మండాను. నా బూడిదను ఆమె సత్తు బేసిన్లో కడిగింది. మళ్లీ పాదరసం, మళ్లీ మంట. ఈసారి కందిగింజంత పూస వచ్చింది. అది వేయగానే తక్కెడ దబ్బున కిందికి వంగింది.

రెడ్డి పూసను వేలితో దొర్లించి చూశాడు. "ఇదంతా ఆ కొయ్యలోదేనా?"

"కొయ్యలోదే రెడ్డీ. ఇన్నేండ్లూ కడిగిన బంగారు పగుళ్లలో ఇరుక్కోనుండాది. నీది నువ్వు తీసుకొని మిగతాది ఇట్లియ్యి. కొత్త మరిగ చేయించుకోవల్ల."

రెడ్డి తల దించుకున్నాడు. "గాజు పని కానియ్యి ఆచారీ. నా కూతురిది గూడా నువ్వే చెయ్యల్ల."

బూడిదనై నీళ్లతో కాలువలోకి జారిపోతూ ఆ పూసను చూశాను. ఇన్నేళ్లూ నా కడుపులో ఇంత వెలుగున్నదని నాకే తెలియదు.