మూడు దళాలకూ ఒకే రేడియో

కొత్త రేడియోలు వచ్చాయని, ఇకమీదట సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్సు ఒకరి గొంతు ఒకరు వింటారని పక్కింటి త్సోంకా రొట్టెల కొట్టు దగ్గర చెప్పిందట. "ఇకనైనా మేజర్ యావోర్ కంటినిండా నిద్రపోతాడు" అని కూడా అన్నదట. మా ఆవిడ ఆ కబురు ఇంటికి మోసుకొచ్చింది. యావోర్ దగ్గర రేడియో సార్జెంటును కదా, అవునో కాదో నన్ను తేల్చమంది.

ఆయనకు నిద్ర కరువైంది డాన్యూబ్ వరదప్పుడు. మా సిపాయి మిర్చో నీళ్ల మధ్య చెట్టు పట్టుకుని రేడియోలో గొంతు చించుకున్నాడు. నెత్తి మీదే హెలికాప్టర్ తిరిగింది. దాని రేడియో వేరే రకం, వినపడలేదు. మిర్చో శవమై తేలాడు. ఆ హెలికాప్టర్ నడిపింది కల్నల్ ల్యూబెన్.

అప్పటినుంచి మూడు దళాలకూ ఒకే రేడియో కొనిపించాలని యావోర్ కాళ్లరిగేలా తిరిగాడు. నేవీ ఉప్పునీటికి ఆగాలంది. సైన్యం బురదలో పడ్డా పలకాలంది. కోరికలన్నీ కలిసి పెట్టె దూడంత బరువెక్కింది. అన్నిటికీ సరేనన్నాడు. ఒక్కటే పట్టుబట్టాడు: రహస్య సంకేతం అందరికీ ఒకటే ఉండాలి. అది వేరైతే అవతలివాడి మాట వట్టి గురగురే.

సైన్యం చేత, నేవీ చేత ఒప్పుకోలు రాయించుకున్నాడు. ఎయిర్‌ఫోర్సు తరఫున ఉన్నది ల్యూబెన్. యావోర్ పెళ్లిలో నెత్తిన కిరీటం పట్టిన పెళ్లిపెద్ద, మా మాటలో కుమ్, ఆయనే. కుమ్‌ను కాగితం అడిగే మగాడు మా వైపు పుట్టలేదు.

"నా మాట చాలదట్రా?" అన్నాడు ల్యూబెన్, గ్లాసులో రకియా సారా పోస్తూ.

చాలనుకున్నాడు యావోర్.

పరీక్ష రోజున నది ఒడ్డున చేరాం. నేవీ పడవ పలికింది. హెలికాప్టర్‌ను పిలిస్తే గురగుర. మళ్లీ పిలిస్తే మళ్లీ అదే.

"పెట్టె చెడిందా?" అన్నాడు యావోర్.

"పెట్టె బంగారంలా ఉంది సార్. వాళ్ల సంకేతమే వేరు" అన్నాను.

యావోర్ వెనక్కి తిరిగాడు. ల్యూబెన్ టోపీ సర్దుకున్నాడు.

"మీవాడొకడు పెట్టె పారేసుకుంటే మా ఆకాశమంతా శత్రువు చేతికి పోదట్రా? పైవాళ్లు ఒప్పుకోలేదు. మా సంకేతం మాదేనని సంతకం పెట్టకపోతే కొనుగోలే ఆగిపోయేది. నీకోసమే పెట్టాను."

"ఎప్పుడు?"

"చలికాలంలో."

"చలికాలమంతా మా ఇంట్లోనే తిన్నావు కదా, కుమ్!"

"చెబితే గోల చేస్తావని… వచ్చే ఏడు చూద్దాంలే."

యావోర్ చెవులకున్న హెడ్‌ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"వరదప్పుడు నీకు వినపడలేదు, నిన్నేమీ అనలేదు. ఇప్పుడు వినక్కర్లేదని సంతకం పెట్టావు."