లాగితే ఒకటి, నొక్కితే ఒకటి

ఎడారి దేశపు కూలీల క్యాంపులో శుక్రవారం భజనకు హార్మోనియం లింబాద్రిది, గొప్పలూ లింబాద్రివే. సముద్రపు తేమకు హార్మోనియం మూగబోయినా గొప్పలు మాత్రం తగ్గలేదు.

జుఫైర్ పేటలో అతను ఊడ్చే అపార్ట్‌మెంటును ఖాళీ చేసి వెళుతూ ఒక తెల్లాయన మెలోడియన్ ఇచ్చిపోయాడు. మధ్యలో తిత్తి, పక్కన వరసగా గుండ్రటి బొత్తాలు.

"పెట్టె పెట్టెనే. తిత్తి ఉన్నది, సుతి ఉన్నది, ఇంకేం గావాలె? శుక్రారం సూడుండ్రి" అన్నాడు లింబాద్రి.

"నువ్వు వాయించకుంటే ఫోన్ల భజన వెట్టి స్పీకర్‌కు తగిలిస్త. ఇగ ఎనకకు గూసోని సప్పట్లు గొట్టు" అన్నాడు పక్క మంచం స్వామి.

ఆ మాట లింబాద్రికి గుచ్చుకుంది. దేవుడి పటం పక్కన కూర్చునే ఆ రెండు గంటలే అతన్ని పేరుపెట్టి పిలుస్తారు. మిగతా వారమంతా అందరికీ "ఏయ్ భాయ్" మాత్రమే.

హార్మోనియంలాగే దాన్ని నేలమీద నిలబెట్టి బొత్తాం నొక్కాడు. తిత్తి లోపలికి నొక్కితే 'స' పలికింది. అదే బొత్తాం, తిత్తి లాగితే 'రి'! హార్మోనియం మెట్టు తిత్తిని ఎలా ఆడించినా మాట తప్పదు. ఇదేమో అత్త దగ్గరొకటి, మొగుడి దగ్గరొకటి చెప్పే రకం.

"ఖరాబైన సామాను అంటగట్టిండు!"

"ఆడలేక మద్దెల ఓడన్నడట" అని నవ్వాడు స్వామి.

"ఖరాబ్ కాదు భాయ్, దాని తరీఖానే అంత" అంటూ డ్రైవర్ ఇస్హాఖ్ దాన్ని వాయించే పద్ధతి వీడియోలో చూపించేసరికి గురువారం అయింది.

శుక్రవారం పల్లవి సరిగ్గానే వచ్చింది. చరణంలో తిత్తి నొక్కాల్సిన చోట లాగాడు. రాగం ఎటో పోయింది. స్వామి చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది. ఇక లాభం లేదని కళ్లు మూసుకుని, పెట్టె ఎటు పోతే అటే గొంతెత్తి పాడాడు. లింబాద్రి అంత పెద్దాయన తప్పెందుకు పాడతాడని ముప్పైమందీ అలాగే అందుకున్నారు. తర్వాతి శుక్రవారమూ అంతే.

రెండు నెలలకు, సెలవు నుంచి తిరిగొచ్చిన వెంకటి కొత్త హార్మోనియం మోసుకొచ్చాడు. లింబాద్రికి ప్రాణం లేచొచ్చింది. అసలు రాగంలో చరణం ఎత్తుకున్నాడు. భజన ఆగిపోయింది.

"ఏందే అన్నా, పాటనే మర్సిపోతివి!" అని స్వామి కోప్పడ్డాడు. "అది పక్కకు వెట్టు. మన పెట్టె తియ్యి."

లింబాద్రి మెలోడియన్‌ను ఒళ్లోకి తీసుకున్నాడు. చరణం రాగానే, నొక్కాల్సిన చోట ఎంతో శ్రద్ధగా లాగాడు.